రాగి గుండిగ మీద ఉర్దూ పేరు: సెప్టెంబరు 17 ఉపన్యాసంలో ఇది చెప్పవచ్చా?

మంజీర ఒడ్డు
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన రోజని సెప్టెంబరు 17న బడిలో జెండా ఎగరేశాక అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం "మన విమోచన వీరులు". వెతుక్కోవలసిన పని లేదు, ఇంట్లోనే కథ ఉంది. మా తాతగారి అన్నను 1948 ఎండాకాలంలో రజాకార్లు, అంటే నిజాము పక్షాన ఆయుధాలు పట్టిన దళాలవాళ్ళు, పొలం గట్టు మీద కొట్టి చంపారు. మా ఊరు జహీరాబాదు వైపు, అప్పట్లో బీదరు జిల్లా. అమ్మాయి ఆ కథ రాసుకుంది, బాగా వచ్చింది కూడా.

చిక్కు తర్వాత వచ్చింది. వినాయక చవితికి ఊరు వెళ్ళాం. పెరట్లో నీళ్ళు కాచే పాత రాగి గుండిగ ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మసి పట్టి నల్లగా ఉండడమే చూశాను. అమ్మాయికి ఏం తోచిందో, చింతపండు, ఉప్పు పెట్టి గంటసేపు తోమింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. మన ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే, కాకపోతే ఉర్దూ. "అత్తమ్మా, ఇది ఎవరిది?" అని మా మేనత్తను అడిగింది. ఆమెకు ఎనభై అయిదు దాటాయి. "పోలీసు యాక్షన్లో వచ్చింది" అంది, వాన వచ్చింది అన్నంత మామూలుగా. పోలీసు యాక్షన్ అంటే 1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాము రాజ్యంలోకి వచ్చిన రోజులు.

"వచ్చింది అంటే?" అని మళ్ళీ అడిగింది. మేనత్త చేటలో పప్పు ఏరుతూ తల ఎత్తలేదు.

ఇప్పుడు అమ్మాయి పట్టుదల ఏమిటంటే, పెద్ద తాత గురించి చెప్తే గుండిగ గురించీ చెప్తుందట, లేకపోతే రెండూ మానేస్తుందట. జెండా కింద నిలబడి ఇది చెప్పవచ్చా? మా ఆయన వద్దంటున్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఫొటో జత చేశాను.

ఉల్లిగారె
ముందు మీ ఆయనను గుండిగ తోమమనండి, తర్వాత అభిప్రాయం అడుగుదాం.

త్రివర్ణం
చెప్పకూడదు. పిల్లలకు ముందు దేశం మీద ప్రేమ కలగాలి, పుండ్లు చూపించడం తర్వాత. మీ పెద్ద తాతను చంపినవాళ్ళ గురించి చెప్పడానికి ఏడాదికి ఒక్క రోజు దొరికింది. ఆ రోజు కూడా "మేమూ తప్పు చేశాం" అని తల వంచుకోవాలా? ఇంటి గొడవ వీధిలో పెట్టుకుంటామా?

లెక్కల మాస్టారు
ఇంటి గొడవ అంటున్నారు కదా త్రివర్ణం గారూ, ఆ గుండిగ గలవాళ్ళు మన ఇంటివాళ్ళు కారా?

త్రివర్ణం
మాస్టారూ, మాటకు మాట అప్పజెప్పడం తేలిక. ఆ నాటి పరిస్థితి చూడండి. 1948 సెప్టెంబరు నాటికి స్వతంత్ర భారతానికి పదమూడు నెలలు. జనవరిలో గాంధీని చంపారు. కాశ్మీరులో యుద్ధం నడుస్తోంది. పంజాబు నుంచి లక్షల మంది శరణార్థులు. నడుమ నిజాము ఒక పక్క భారత్‌తో యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇంకో పక్క రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని ఊళ్ళ మీదికి వదిలాడు. 13న సైన్యం వచ్చింది, 17కు అయిపోయింది. అయిదు రోజుల్లో ఇంత పెద్ద సంస్థానం లొంగింది. దాన్ని తక్కువ చేయకండి అంటున్నాను, అంతే.

మంజీర ఒడ్డు
తక్కువ చేయడం లేదండి. సైన్యం రాకపోతే మా తాత కూడా మిగిలేవాడు కాదని ఇంట్లో అందరూ అంటారు. గుండిగ కూడా ఆ తాత తెచ్చిందే. అదే నా చిక్కు.

బురుజు నీడ
మాది బైరాన్‌పల్లి. పరిచయం అక్కరలేదనుకుంటాను. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాము బలగాలు ఊరిని చుట్టుముట్టాయి. అంతకు ముందు రెండు మూడుసార్లు వస్తే మావాళ్ళు తరిమికొట్టారు, ఆ కసి. బురుజు మీద కాపలా ఉన్నవాళ్ళు నగారా కొట్టారు. మా నానమ్మ అన్న వాళ్ళలో ఒకడు. దొరికినవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. మా ఊరి లెక్క వందకు పైనే. బురుజు ఇప్పటికీ ఉంది, వచ్చి చూడండి. సమరయోధుల పింఛను కోసం మా తాత ఎన్ని కార్యాలయాలు తిరిగాడో, ఎన్ని చెప్పులు అరిగాయో మా ఇంట్లో లెక్క ఉంది. రాలేదు.

ఇది పూర్తిగా చెప్పడమే ఇంకా అవలేదు. అప్పుడే ఒక గుండిగ కోసం కన్నీళ్ళా?

ఎర్రజొన్న
బురుజు నీడ అన్నా, బైరాన్‌పల్లి ముందు ఎవరూ నోరెత్తరు. కానీ కథ రజాకార్లతో మొదలై సైన్యంతో ముగిసినట్టు చెప్పడం మాకు నచ్చదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ దొర ముస్లిము కాదు. వెట్టి చేయించుకున్న దొరలు రెండు మతాల్లోనూ ఉన్నారు, చేసిన జనమూ రెండు మతాల్లోనూ ఉన్నారు. 17 తర్వాత ఏమైంది? పారిపోయిన దొరలు రూమీ టోపీ తీసి గాంధీ టోపీ పెట్టుకుని మళ్ళీ గడీల్లోకి వచ్చారు. సైన్యం మా వాళ్ళ వెంట, పోరాడుతున్న కమ్యూనిస్టుల వెంట పడింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా నాలుగు వేల మంది పోయారని పార్టీ లెక్క. ఇక నిజాము? 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్, అంటే గవర్నరు లాంటి పదవి. దేశం గణతంత్రమైన రోజునే ఆయనకు పదవి. రజ్వీ 1957లో జైలు నుంచి బయటికి వచ్చి పాకిస్తాను వెళ్ళిపోయాడు. ఎవరి నుంచి ఎవరికి విమోచన?

ఉల్లిగారె
విమోచనం, విలీనం, విద్రోహం, సమైక్యత, ప్రజా పాలన. ఒకే తేదీకి ఇన్ని పేర్లు పెట్టిన జాతి ఇంకొకటి ఉండదు. పుట్టిన పిల్లకు కూడా మనం ఒకటో రెండో పెట్టి ఊరుకుంటాం.

గోదారి గాలి
మరాఠ్వాడాలో అదే రోజు ముక్తి సంగ్రామ దినం. కర్ణాటక వైపు కల్యాణ కర్ణాటక ఉత్సవం. అంటే ఇంకో రెండు కలుపుకోండి.

ఎర్రజొన్న
పేర్లదేముంది, వెటకారం ఆపండి. పేరు పెట్టినవాడిదే కథ అవుతుంది. అందుకే గొడవ.

పత్తర్‌గట్టి
చదువుతూ ఊరుకుందామనుకున్నాను, ఫొటో చూశాక ఆగలేకపోయాను. మంజీర గారూ, మీది గుండిగే కావచ్చు, మా ఇళ్ళలో దాన్ని దేగ్ అంటాం. లోపల కళాయి పూతతో ఉండేది, అరిగిపోయినట్టుంది.

రాసింది చదివాను. ఒక స్త్రీ పేరు, తర్వాత "బేగం". పేరు ఇక్కడ పెట్టను, మీకు విడిగా పంపుతాను. కింద అంకెలు 1338. హిజ్రీ అయితే 1919-20. కానీ నిజాము రాజ్యంలో సర్కారు కాగితాలు ఎక్కువగా ఫసలీ అనే వేరే శకంలో నడిచేవి. ఫసలీ అయితే 590 కలపాలి, 1928-29. ఆడమనిషి పేరు, సంవత్సరం ఉన్నాయంటే సాధారణంగా పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చిన సామాను.

మా నానమ్మ ఉస్మానాబాదు పక్క నుంచి వచ్చింది. మా ఇంట్లో కాలం కొలిచేది క్రీస్తు శకంతో కాదు. "పోలీసు యాక్షన్‌కు ముందు", "తర్వాత". ముందు సంగతులు ఎన్నైనా చెప్పేది, మామిడి తోట, గుర్రపు బండి, అన్నీ. తర్వాతి సంగతులు చెప్పమంటే లేచి వెళ్ళి నమాజుకు వజూ చేసుకునేది, కాళ్ళూ చేతులూ కడుక్కునేది.

బురుజు నీడ
పత్తర్‌గట్టి గారు, మీ మీద నాకేమీ లేదు. కానీ అడుగుతాను. మా ఊరి మీద పడినప్పుడు మీ పెద్దలు ఏమన్నారు?

పత్తర్‌గట్టి
అడగవలసిన ప్రశ్నే. కొందరు చప్పట్లు కొట్టారు, అది దాచను. కొందరు భయపడి ఊరుకున్నారు. షోయబుల్లా ఖాన్ ఊరుకోలేదు. ఇమ్రోజ్ పత్రికలో రజాకార్లకు ఎదురు రాశాడు. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వస్తుంటే దారి కాసి కాల్చారు, రాసిన చేతిని నరికారు. మీ ఊరి మీద పడడానికి వారం కూడా లేదు అప్పటికి. ఆయన ఫొటో మా నాన్న బల్ల మీద ఉండేది. కమ్యూనిస్టు కవి మఖ్దూం అరెస్టు వారెంటుతో ఎన్నాళ్ళు తిరిగాడో ఎర్రజొన్న గారు చెప్తారు.

నేనూ ఒకటి అడుగుతాను. ఉస్మానాబాదులో మా నానమ్మ తమ్ముడికి పద్నాలుగేళ్ళు. వాడు ఏ రజాకారు?

నిర్వాహకులు
ఇప్పటి పార్టీల పేర్లతో వచ్చిన మూడు టపాలు తీసేశాం. 1948లోనే ఉండండి.

ఉల్లిగారె
1948లోనే ఉండమనడం నిర్వాహకుల నోట మొదటిసారి విన్నాను.

రైన్ నది పక్క
నేను ఉండే ఊళ్ళో కాలిబాట రాళ్ళ మధ్య అరచేయంత ఇత్తడి పలకలు ఉంటాయి. "ఇక్కడ ఫలానా మనిషి ఉండేవాడు", పుట్టిన సంవత్సరం, ఎక్కడికి తరలించారు, ఎక్కడ చంపారు. ఇళ్ళ ముందే. మా వీధిలో నాలుగు. పేరు చదవాలంటే తల వంచాలి. జనం రోజూ వాటి మీదుగా రొట్టెలు కొనుక్కోవడానికి వెళ్తారు. ఎవరికీ దేశం మీద ప్రేమ తగ్గినట్టు కనిపించదు.

త్రివర్ణం
వచ్చింది జర్మనీ. ఇలాంటి చర్చ ఏదైనా ఇరవై టపాలు దాటితే జర్మనీ రావలసిందే.

కృష్ణలంక
పైగా ఓడిపోయి, పైనుంచి నాలుగు దేశాల సైన్యాలు కూర్చుంటే గానీ వాళ్ళకు ఆ బుద్ధి రాలేదు. గెలిచినవాడు తనంతట తాను ఒప్పుకున్న కథ ఉంటే చెప్పండి, వింటాను.

రైన్ నది పక్క
నిజమే. ఒప్పుకుంటున్నాను. కానీ పలకల సంగతి చెప్పింది గొప్పకు కాదు, గుండిగ మీద పేరు చూసి గుర్తొచ్చి.

లెక్కల మాస్టారు
త్రివర్ణం గారి మొదటి మాట దగ్గరికి వెళ్దాం, "ముందు ప్రేమ, తర్వాత పుండ్లు". ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో చెప్పాను. పిల్లలకు ఆ వరుస ఉండదు. మేనత్త పప్పు ఏరడం ఆ పిల్ల చూసేసింది. ఇక మనం చెప్పినా చెప్పకపోయినా ఆ పిల్లకు తెలుసు. చెప్పకపోతే తెలిసేది ఒకటే, పెద్దవాళ్ళు దాస్తారని.

ఇంకో సంగతి. ఇది ఏదో ఇవాళ ఎవరో పుట్టించింది కాదు. నెహ్రూ ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను ఏం జరిగిందో చూసి రమ్మని పంపింది. 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు దాకా పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. ఎంత తగ్గించి వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. సగానికి దగ్గర దగ్గర, అంటే 18 వేలకు పైగా, ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లోనే. మంజీర గారి ఊరు ఆ బీదరులోదే. రజాకార్ల ఘోరాలను కూడా ఆ నివేదిక దాచలేదు. సైనికులు కొన్నిచోట్ల కాపాడారనీ రాసింది, కొన్నిచోట్ల మగవాళ్ళను ఊళ్ళ నుంచి బయటికి తెచ్చి చంపారనీ రాసింది. ప్రభుత్వం దాన్ని అచ్చు వేయలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో మామూలు మనిషి చూసే వీలు రాలేదు.

త్రివర్ణం
ఆ అంకె మీద గొడవలు ఉన్నాయని మీకూ తెలుసు మాస్టారూ. అదేమీ ఇంటింటికీ తిరిగి చేసిన జనాభా లెక్క కాదు, అంచనా.

లెక్కల మాస్టారు
అంచనాయే. లెక్కల మాస్టారిని కదా, అంచనాకూ లెక్కకూ తేడా తెలుసు. సగానికి సగం కొట్టేయండి. మిగిలినదాన్ని ఏం చేస్తారు?

త్రివర్ణం
సరే, దాన్ని పక్కన పెట్టలేను. కానీ ఒకటి చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. నేను సైన్యంలో పద్దెనిమిదేళ్ళు చేశాను. మా దళం పేరు చెడగొట్టినవాడిని మేమే పట్టి ఇచ్చిన సందర్భం ఒకటి ఉంది. కాబట్టి దాచిపెట్టాలన్నది నా మాట కాదు. పద్నాలుగేళ్ళ పిల్ల నెత్తి మీద పెట్టకండి అన్నది నా మాట. పెద్దవాళ్ళం డెబ్బై ఏళ్ళు నోరు మూసుకుని, ఇప్పుడు ఒక పిల్లను మైకు ముందుకు తోయడం ధైర్యమా?

మంజీర ఒడ్డు
ఈ మాట నాకు గుచ్చుకుంది. నిజంగానే గుచ్చుకుంది.

కృష్ణలంక
మాది కారంచేడుకు నాలుగు మైళ్ళ దూరంలోని ఊరు, తర్వాత బెజవాడ వచ్చాం. 1985 జులై 17న నాకు పదేళ్ళు. ఆరుగురు దళితులను చంపారు. చంపినవాళ్ళ కులమే మాది. మా ఇంట్లో ఆ రోజు గురించి ఇంతవరకు ఒక పూర్తి వాక్యం వినలేదు. "ఆ గొడవలప్పుడు" అంటారు, అంతే. మేనత్త గారి "వచ్చింది" చదవగానే మా నాన్న గొంతు వినిపించింది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఊళ్ళో జెండా ఎగరేసేది ఆయనే. జెండా అంటే ఆయనకు ప్రాణం, అందులో నటన లేదు. ఆయనను అడిగే ధైర్యం నాకు యాభై ఏళ్ళు వస్తున్నా లేదు. ఆ పిల్ల గంటసేపు చింతపండుతో తోమి అడిగేసింది.

ఎర్రజొన్న
కృష్ణలంక గారూ, ఇది రాయడం తేలిక కాదు.

బురుజు నీడ
రెండు రోజులు ఊరుకున్నాను. పత్తర్‌గట్టి గారు అడిగిన పద్నాలుగేళ్ళ పిల్లాడికి నా దగ్గర జవాబు లేదు. పిల్లను చెప్పనివ్వండి. కానీ వరుస ముఖ్యం. ముందు ఆగస్టు 27, తర్వాత సెప్టెంబరు 17, ఆ తర్వాతే గుండిగ. వరుస తారుమారు చేస్తే నేను ఒప్పుకోను.

ఎర్రజొన్న
వరుస అంటే 1946 జులై 4 నుంచి మొదలుపెట్టాలి.

గోదారి గాలి
1947 సెప్టెంబరు 2 పరకాల కాల్పులు ఏమయ్యాయి?

ఉల్లిగారె
1323లో ఓరుగల్లు కోట పడిపోయిన దగ్గర నుంచి మొదలుపెడదాం. అయిదు నిమిషాల్లో అమ్మాయి 1400 దాకా వస్తుంది, గంట కొడతారు, లడ్డూలు పంచుతారు.

లెక్కల మాస్టారు
నవ్వించారు. వరుస గురించి ఒక చిన్న చేర్పు. ఆ నివేదికలోనే ఉంది, కొన్ని ఊళ్ళలో హిందూ నేతగాళ్ళు ముస్లిము నేతగాళ్ళను కాపాడారట. అడ్డుపడి తామే ప్రాణాలు పోగొట్టుకున్నారట. మగ్గం పక్కన మగ్గం కదా. ఎత్తుకుపోయిన స్త్రీలను వెతికి తేవడానికి సాయపడ్డ హిందువులు ఉన్నారనీ రాశారు. "విమోచన వీరులు" అన్న శీర్షిక బడివాళ్ళు ఇచ్చిందే కదా, ఈ నేతగాళ్ళు ఆ శీర్షిక కిందికి రారా?

పత్తర్‌గట్టి
మాస్టారూ, ఇది నాకు తెలియదు. మా నాన్నకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు.

త్రివర్ణం
నేతగాళ్ళ సంగతి నాకూ తెలియదు. అది పెట్టండి.

మంజీర ఒడ్డు
జరిగింది చెప్తాను, అందరూ అడుగుతున్నారు కాబట్టి.

త్రివర్ణం గారి మాట పట్టుకుని రాత్రంతా ఆలోచించి, గుండిగ సంగతి నేనే చెప్తానని బడిలో అడిగాను. తల్లిదండ్రులకు అవకాశం లేదన్నారు. అమ్మాయి రాసింది ముందే చూపించమన్నారు. చూసి, గుండిగ పేరా మీద పెన్సిలుతో అడ్డగీత గీశారు. "సమయం చాలదు" అన్నారు. నేతగాళ్ళు మిగిలారు, షోయబుల్లా ఖాన్ మిగిలాడు, పెద్ద తాత మిగిలాడు. అమ్మాయి ఒప్పుకుంది. నేను ఆశ్చర్యపోయాను.

జెండా కింద అంతా బాగానే చెప్పింది. చివర "జై హింద్" అనే ముందు ఒక్క వాక్యం సొంతంగా కలిపింది: "మా ఇంట్లో ఒక బేగం గారి గుండిగ ఉంది, అది మాది కాదు." అంతే. ఎవరికీ అర్థం కాలేదు. చప్పట్లు కొట్టారు. ఒక్క సామాన్య శాస్త్రం టీచరు మాత్రం తర్వాత పిలిచి "ఎంత పెద్దది?" అని అడిగారట.

ఉల్లిగారె
ఈసారి నా దగ్గర జోకు లేదు.

బురుజు నీడ
బైరాన్‌పల్లి పేరు చెప్పిందా?

మంజీర ఒడ్డు
చెప్పింది అన్నా. తేదీతో సహా. మీరు అడుగుతారని ముందే అనుకుంది.

త్రివర్ణం
పిల్లకు నా తరఫున ఒక మాట చెప్పండి. అడ్డగీత గీసినవాళ్ళ మీద కోపం పెట్టుకోవద్దని. ఒకప్పుడు నేనూ గీసేవాడినే.

రైన్ నది పక్క
గుండిగ ఇప్పుడు ఎక్కడ ఉంది?

మంజీర ఒడ్డు
పెరట్లోనే, కానీ బోర్లించారు. నీళ్ళు వేరే దాంట్లో కాస్తున్నారట. ఎవరు చెప్పారో, మేనత్తే చెప్పిందో తెలియదు.

నిన్న రాత్రి మేనత్తకు ఫోను చేశాను. పత్తర్‌గట్టి గారు పంపిన పేరు చదివాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను పోయిందనుకున్నాను. తర్వాత "నాకు జడ వేసేది" అంది.

పత్తర్‌గట్టి
వాళ్ళు ఎటు వెళ్ళారో అడిగారా?

మంజీర ఒడ్డు
అడిగాను. ఫోను పెట్టేసింది. దసరాకు వెళ్తున్నాం, అప్పుడు పక్కన కూర్చుని అడుగుతాను.